నాలుగుసార్లు అన్నం: గోదావరి కంచంలో బరువు లెక్క

బరువు తగ్గాలనుకున్న గోదావరి జిల్లా మనిషి మొట్టమొదట చేసే పని అన్నం మానేయడం. రెండో పని, మూడోవారం తిరిగేసరికి మళ్ళీ అన్నం మొదలుపెట్టడం. ఈ మధ్యలో చపాతీలు, ఓట్సు, కొర్రలు, తేనె నిమ్మరసం అన్నీ ఇంట్లోకి వచ్చి వెళ్తాయి. నాలుగు కిలోలు తగ్గుతాయి, ఐదు కిలోలు తిరిగొస్తాయి. "మా ఒంటి తత్వమే అంతండీ" అని తేల్చేసుకుంటారు.

ఒంటి తత్వం మాటలో కొంత నిజం ఉంది, దాని దగ్గరికి తర్వాత వద్దాం. ముందు కంచం దగ్గర కూర్చోవాలి. డెల్టాలో బరువు పెరగడానికీ, తగ్గినా నిలవకపోవడానికీ అసలు కిటుకు అన్నం వడ్డించుకునే పద్ధతిలో ఉందని నా అభిప్రాయం. అన్నాన్ని మాత్రం దోషిని చేసి బయట నిలబెడుతున్నాం.

కంచంలో ఏం జరుగుతోంది

అమలాపురమో, పాలకొల్లో, మండపేటో, ఏ ఊళ్ళోనైనా ఓ ఇంటి మధ్యాహ్న భోజనం చూడండి. ముందు పప్పులోకి అన్నం, మీద నెయ్యి, పక్కన ఆవకాయ. తర్వాత కూరలోకి అన్నం. ఆపైన పులుసులోకో చారులోకో అన్నం. చివర్న పెరుగులోకి అన్నం. మొత్తం నాలుగుసార్లు, వేసిన ప్రతిసారీ హస్తం (అన్నం వడ్డించే గరిటె) నిండా. ఒక్కో హస్తం అన్నం 120 గ్రాములు అనుకుందాం. నాలుగుసార్లకి 480 గ్రాములు. వండిన అన్నం 100 గ్రాములకి సుమారు 130 క్యాలరీలు. అంటే ఒక్క పూటకి అన్నం మటుకే 620 క్యాలరీలు దాటింది. పప్పు, నెయ్యి, వేపుడు, గడ్డపెరుగు ఇంకా లెక్కలోకి రానేలేదు. రాత్రికీ ఇదే వరస అయితే 1,250. పొద్దున్న తిన్న ఇడ్లీలో, అట్టులో కూడా ఉన్నది ఎక్కువగా బియ్యమే.

నాలుగు రకాలతో తింటున్నాం కదా, అన్నీ అందుతున్నాయిలే అనిపిస్తుంది. కానీ కూర ఎంత వేసుకున్నాం? అన్నం కలవడానికి సరిపడా. కందిపప్పులో 100 గ్రాములకి 22 గ్రాముల మాంసకృత్తులు ఉన్నమాట నిజమే. నలుగురికి కలిపి 100 గ్రాముల పప్పు ఉడకేసి, అందులో దోసకాయ ముక్కలు, నీళ్ళు చేర్చి దింపితే మనిషి వాటాకి వచ్చేది ఐదారు గ్రాములు. మన పద్ధతిలో భోజనమంటే అన్నం, మిగతావన్నీ దాన్ని లోపలికి పంపడానికి పనికొచ్చే రుచులు. ఆవకాయ ఎంత బాగుంటే అన్నం అంత ఎక్కువ దిగుతుంది.

ఈ పద్ధతికి దాని కారణాలు దానికి ఉన్నాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి, తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకి కాలువ నీళ్ళు అందాక ఇది వరి సీమ అయింది. సార్వాకీ దాళ్వాకీ, ఏడాదికి రెండు వరి పంటలకీ దమ్ము చేసి, నారు తీసి, ఊడ్చి, కోసి, కుప్పేసి, నూర్చిన ఒళ్ళు మన తాతలవి. అంత చాకిరీకి నాలుగు హస్తాల అన్నం ఎక్కువేమీ కాదు. ఇప్పుడు దమ్ము ట్రాక్టరు చేస్తోంది, కోత మిషను కోస్తోంది. భీమవరం వైపు చేపల చెరువుల రైతు బండి మీద వెళ్ళి, నీళ్ళకి గాలి పట్టించే ఏరియేటరు తిరుగుతోందో లేదో చూసుకుని, అదే బండి మీద టిఫిన్ సెంటరు దగ్గర ఆగుతున్నాడు. ఎండలో నడుం వంచి ఊడ్చే కూలీ ఆడవాళ్ళ సంగతి వేరు, వాళ్ళకి ఈ వ్యాసంతో పనిలేదు. మనకి మాత్రం ఒంటిపని పోయింది, హస్తం తాతల నాటిదే మిగిలింది.

గింజ మారిస్తే చాలదు

సరే, అన్నం బదులు చపాతీ తింటే? గోధుమపిండి 100 గ్రాములకి దాదాపు 340 క్యాలరీలు, బియ్యం 350. తేడా అంతే. చపాతీతో ఎవరికైనా లాభం కనిపించిందంటే, లెక్కపెట్టుకుని రెండో మూడో తిని లేవడం వల్ల. అన్నాన్ని ఎవరూ లెక్కపెట్టుకోరు, "ఇంకాస్త" అంటారు. పైగా మనకి చపాతీ చేయడం చేతగాదు. నూనె పోసి, పరోటాకి తమ్ముడిలా చేసి, బంగాళదుంప కూరతో తింటాం. దానికన్నా పప్పన్నమే నయం.

కొర్రలు, అరికలు, సామలు కూడా ఇదే కథ. పీచు ఎక్కువ, ఖనిజాలు ఎక్కువ, మంచి తిండే. కానీ క్యాలరీల్లో బియ్యానికి పెద్ద దూరంగా ఏమీ ఉండవు. షుగరు జబ్బు మీద దేశమంతా తిరిగి చేసిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే ఆహారపు లెక్కలు 2025లో బయటికొచ్చాయి. మన దేశంలో మనిషి తినే శక్తిలో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోందని అందులో తేలింది. ఇంకో ముఖ్యమైన సంగతి, మొత్తం పిండిపదార్థం తగ్గించకుండా తెల్లబియ్యం బదులు గోధుమో చిరుధాన్యమో పెట్టినంత మాత్రాన షుగరు ముప్పు తగ్గినట్టు కనిపించలేదు. ఆ పిండిపదార్థంలో కొంత తీసి, ఆ చోట్లో పప్పో, పాలో, గుడ్డో, చేపో పెట్టినచోట తగ్గింది. గింజ పేరు మార్చడం వేరు, గింజ వాటా తగ్గించడం వేరు.

ఇందులో మన ఊరి సంగతి ఒకటి ఉంది. పశ్చిమ గోదావరి మార్టేరు వరి పరిశోధన కేంద్రంలో పుట్టిన స్వర్ణ రకం, అదే ఎంటీయూ 7029, దేశంలో ఎన్నో రాష్ట్రాలకి పాకింది. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వాళ్ళు 235 రకాల బియ్యం పరీక్షించి, తిన్నాక రక్తంలో చక్కెరను ఎంత వేగంగా పెంచుతాయో చూశారు. ఆ గ్లైసీమిక్ ఇండెక్స్ 48 నుంచి 92 దాకా వచ్చింది. స్వర్ణ తక్కువ ఉన్న గుంపులో నిలబడింది. మనమేమో దాన్ని లావు బియ్యమని పక్కనపెట్టి, పాలిష్ మెరిసే సన్నాలకి ఎగబడతాం. అలాగని స్వర్ణ దొరికితే నాలుగు హస్తాలు కొట్టొచ్చని కాదు. చక్కెర నెమ్మదిగా ఎక్కుతుందే గానీ, క్యాలరీలు ఎక్కడికీ పోవు. చద్దన్నం తింటే బరువు తగ్గుతుందని ఇప్పుడు జరుగుతున్న ప్రచారానికీ ఇదే జవాబు. చల్లారిన అన్నంలో కొంత పిండి అరగని రూపానికి మారుతుంది, నిజమే. ఆ కొంత చాలా కొంచెం. చద్దన్నంలో మజ్జిగ పోసుకుని, ఉల్లిపాయ నంజుకుని తినండి, రుచి కోసం తినండి.

కొన్నేళ్ళ కిందట మన జిల్లాల్ని ఊపేసిన, అన్నం మానేసి కొబ్బరినూనె తాగే డైట్లలో మొదటి వారంలోనే మూడు నాలుగు కిలోలు తగ్గినవాళ్ళు బోలెడంతమంది. అబద్ధం కాదు, కాటా మీద కనిపించింది. కానీ కండల్లో, కాలేయంలో నిలవ ఉండే పిండిపదార్థం, అదే గ్లైకోజెన్, ప్రతి గ్రాముకీ మూడు గ్రాముల దాకా నీళ్ళు పట్టుకుని ఉంటుంది. పిండిపదార్థం ఆపేస్తే ముందు అది ఖర్చవుతుంది, దాంతో నీళ్ళూ పోతాయి. మళ్ళీ అన్నం తిన్న నాలుగు రోజులకి ఆ నీళ్ళు తిరిగొస్తాయి. ఒక కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 క్యాలరీల తేడా రావాలి. వారంలో నాలుగు కిలోల కొవ్వంటే ముప్ఫై వేలు దాటాలి. పూర్తిగా పస్తున్నా మామూలు మనిషికి వారంలో అంత ఖర్చు ఉండదు.

వడ్డన మారితే

ఇక అసలు పని. కంచంలో నాలుగుసార్లు వచ్చే అన్నాన్ని రెండుసార్లకి తేవడం. ఏ రెండు అనేది మీ ఇష్టం, అది మీరే తేల్చుకోవాలి. పెరుగన్నం లేకపోతే భోజనం చేసినట్టే ఉండదనేవాళ్ళు పెరుగన్నం ఉంచుకుని, చారుని గ్లాసులో పోసుకుని తాగేయొచ్చు. పప్పన్నం ప్రాణమనుకునేవాళ్ళు చివర్న పల్చటి మజ్జిగతో ముగించొచ్చు. ఇష్టమైన ముద్దని వదులుకోమంటే ఎవరూ పట్టుమని నెల రోజులు ఆగరు. అలవాటుగా తినే ముద్దని వదులుకుంటే మనసుకి తెలియను కూడా తెలియదు. మన నాలుగుసార్లలో రెండు ఎప్పుడూ అలవాటువే.

రెండోది, కూరని అన్నం కన్నా ముందు కంచంలోకి తేవడం. గిన్నెడు కూర, గిన్నెడు పప్పు ముందు వడ్డించుకుని, నాలుగు ముక్కలు ఉత్తగా తిన్నాక అప్పుడు అన్నం. ఇలా తినాలంటే కూరలో ఉప్పూ కారం తగ్గాలి. ఇప్పుడు మనం వండే కూర అన్నం కలిపాక సరిపోయేలా వండింది, ఉత్తగా తింటే నోరు మండుతుంది. వంట చేసేవాళ్ళకి ఈ మాట ముందే చెప్పకపోతే ప్రయోగం మొదటిరోజే మూలపడుతుంది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రోజుకి 2,000 క్యాలరీలు తినే మనిషికి కంచం ఎలా ఉండాలో చెప్పారు. ధాన్యాలన్నీ కలిపి 250 గ్రాములు, కూరగాయలు 400, పళ్ళు 100, పప్పులు లేదా గుడ్డు మాంసం చేపలు 85, నట్స్, నూనెగింజలు 35, నూనె నెయ్యి 27 గ్రాములు, పాలు 300 మిల్లీలీటర్లు. ఈ అంకెల్ని ఇంటికి తెచ్చి చూడండి. నలుగురు పెద్దవాళ్ళుంటే రోజుకి కిలో బియ్యం, టిఫిన్ పిండితో కలిపి. కూరగాయలు కిలోన్నర పైన. మన ఇళ్ళల్లో ఈ రెండు అంకెలూ సరిగ్గా తిరగబడి ఉంటాయి.

కిలోన్నర కూరగాయలంటే రోజూ ఖర్చే కదా అనొచ్చు. నిజమే. కానీ డెల్టాలో పెరటి పాదుకి ఆనపకాయ, పొట్లకాయ కాస్తాయి. గట్టు మీద తోటకూర, బచ్చలి దొరుకుతాయి. అరటిదూట, అరటిపువ్వు, పనసపొట్టు, ములగాకు, ఇవన్నీ ఒకప్పుడు వారంలో రెండుసార్లన్నా వండిన కూరలు. ములగాకుని ఇప్పుడు ఆషాఢంలో ఓసారి మొక్కుబడికి వండి వదిలేస్తున్నారు. పనసపొట్టు కొట్టడానికి ఓపిక లేదని ఆదివారం బిర్యానీ పార్సిల్ తెస్తున్నాం. కందని మాత్రం కూరగాయ లెక్కలో వేసుకోకండి, బంగాళదుంపలా దానిలోనూ పిండే. బచ్చలి ఎక్కువ, కంద తక్కువ వేసి పులుసు పెట్టుకుంటే దిగులు లేదు.

నూనె సంగతి ప్యాకెట్లలో చెబుతాను, స్పూన్లలో చెబితే ఎవరికీ ఎక్కదు. 27 గ్రాముల లెక్కన నలుగురికి నెలకి 3,240 గ్రాములు. లీటరు ప్యాకెట్టులో ఉండేది 910 గ్రాములు. అంటే మూడున్నర ప్యాకెట్లు, అదీ నెయ్యితో కలిపి. నెలసరుకుల చీటీలో మీ ఇంటికి ఎన్ని ప్యాకెట్లు రాస్తున్నారో చూసుకోండి. ఆరు రాస్తుంటే, బరువు ఎక్కడినుంచి వస్తోందో వెతకడానికి వేరే పరీక్షలు అక్కర్లేదు. పెద్ద స్పూనుడు నూనె 120 క్యాలరీలు, వేరుశనగైనా, ఆలివ్ అయినా, గానుగ నూనెయినా అంతే. గానుగలో ఆడిస్తే క్యాలరీలు తగ్గుతాయనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. కొబ్బరి మన కోనసీమ బిడ్డే, కానీ పచ్చికొబ్బరి 100 గ్రాములకి 350 క్యాలరీల పైమాటే. కొబ్బరినీళ్ళకి అభ్యంతరం లేదు. చట్నీలో కొబ్బరి తగ్గించి పుట్నాలో, టమాటానో, అల్లమో కలుపుకోవచ్చు.

అన్నం తగ్గిన చోట ఏదో ఒకటి చేరాలి, లేకపోతే సాయంత్రం నాలుగింటికి ఆకలి బజ్జీల బండి దగ్గరికి లాక్కెళ్తుంది. ఆ చోటు మాంసకృత్తులది. కడుపు నిండిన భావన వాటితో ఎక్కువసేపు ఉంటుంది, బరువు తగ్గేటప్పుడు కండ కరిగిపోకుండా కాస్తాయి. ఈ విషయంలో డెల్టాకున్నంత అదృష్టం తక్కువ చోట్ల ఉంటుంది. రొయ్యలు, చేపలు మన చెరువుల్లోనే పెరుగుతాయి. గుడ్లు అనపర్తి, తణుకు ఫారాల నుంచి లారీల్లో ఎక్కడెక్కడికో పోతాయి. అంత పండించి, మనం చేప తినేది ఆదివారం, అది కూడా నూనెలో తేలే వేపుడు. రొయ్యల మాంసం 100 గ్రాముల్లో 20 గ్రాముల దాకా మాంసకృత్తులు ఉంటే క్యాలరీలు వందకి అటూ ఇటూ. వేపుడు ఆపి పులుసో, తక్కువ నూనెతో ఇగురో చేసి, వారంలో మూడు రోజులకి పెంచితే చాలు. ఉడికించిన గుడ్డు ఒకటి 75 క్యాలరీలకి ఆరు గ్రాముల మాంసకృత్తులిస్తుంది. శాకాహారులకి పెసలు, శనగలు, పెరుగు. పులస గురించి అడక్కండి. గోదారికి ఎర్రనీరు వచ్చినప్పుడు ఏడాదికి ఒకటో రెండో సార్లు తినే చేప మీద లెక్కలు వేయడం నా వల్ల కాదు.

టిఫిన్లలో నా ఓటు పెసరట్టుకే. పొట్టుతో రుబ్బిన పెసలు, అల్లం, పచ్చిమిర్చి, ఇంతకన్నా మంచి పొద్దుటి తిండి మన దగ్గర లేదు. అయితే దాని కడుపులో ఉప్మా పెట్టి మడిచి, చుట్టూ నూనె పోసి ఇచ్చేది వేరే వస్తువు. దిబ్బరొట్టె, మైసూరు బజ్జీ, పూరీ బొంబాయి చట్నీ వారంలో ఒక రోజుకి ఉంచుకోండి. టీలో చక్కెర కూడా చూసుకోవాలి. రెండు స్పూన్ల చొప్పున రోజుకి నాలుగు టీలంటే 40 గ్రాములు. 2,000 క్యాలరీల మనిషికి చక్కెర 25 గ్రాములు దాటకూడదు, ఇంకా కాజా ముట్టుకోలేదు. సాయంత్రాలు మందు అలవాటున్న మగవాళ్ళు ఇంకో లెక్క కలుపుకోవాలి. 60 మిల్లీలీటర్ల విస్కీకి దాదాపు 140 క్యాలరీలు, మంచింగ్ దీనికి అదనం.

హస్తం ఎవరి చేతిలో ఉంది

ఇదంతా కాగితం మీద తేలికే. గోదావరి జిల్లాలో తినేవాడి చేతిలో హస్తం ఉండదు, అదే చిక్కు. "అదేంటండీ, పిల్లాడు తిన్నట్టు తిన్నారు, కూర బాలేదా?" అన్నాక ఎంతటి డైటయినా నిలబడదు. కూర బాగుందని రుజువు చేయడానికి ఇంకో హస్తం వేసుకోవాలి. బంతిలో కూర్చుంటే ఆకు ఖాళీగా కనబడితే చాలు, వడ్డించేవాళ్ళు ఊరుకోరు. ఇక్కడ పనికొచ్చేది ఒక్కటే, ముందే అడగడం. "అక్కా, అన్నం తర్వాత పెట్టు, ముందు ఆ పనసపొట్టు కూర వెయ్యి" అంటే వడ్డించేవాళ్ళకి సంతోషం, మీ ఆకు నిండా కూర. వద్దంటే మర్యాద తప్పినట్టు, కావాలంటే గౌరవించినట్టు. కావలసింది మీరు ఎంచుకోవచ్చు కదా.

ఇంటి ఆడవాళ్ళ బరువు వేరే దారిలో వస్తుంది. అందరికీ వడ్డించాక, రెండున్నరకి, గిన్నె అడుగున మిగిలిన అన్నం, మూకుడులో మిగిలిన వేపుడు, పిల్లాడు వదిలేసిన పెరుగన్నం. "పారేయలేక" తినే ఆ భోజనంలో కూర అప్పటికి అయిపోయి ఉంటుంది, అన్నమే మిగిలి ఉంటుంది. ఆవిడకి వ్యాయామం చెయ్యి, డైట్ చెయ్యి అని చెప్పే ముందు ఇంట్లోవాళ్ళు ఆవిడ కంచంలో కూర ముందే తీసి పక్కన పెట్టాలి. బియ్యం గ్లాసు తగ్గించి పొయ్యి మీద పెట్టాలి. మిగిలితేనే కదా తినాల్సి వచ్చేది. ఒకరి కోసం ఓట్సు, మిగతావాళ్ళకి మామూలు వంట అనే ఏర్పాటు ఎక్కువ కాలం నడవదు. వండే మనిషికి రెండు వంటలు, తినే మనిషికి ఏదో శిక్ష. ఇల్లంతటికీ ఒకటే వంట, ఒకటే కొత్త కొలత ఉంటే ఎవరూ డైటులో లేనట్టే ఉంటుంది.

నడక, నిద్ర, కాటా

అరగంట గట్టిగా నడిస్తే మామూలు బరువున్న మనిషికి 120, 150 క్యాలరీలు ఖర్చవుతాయి. ఇందాక చెప్పిన పెద్ద స్పూనుడు నూనె అంత. పొద్దున్నే ఏటిగట్టు మీద నాలుగు కిలోమీటర్లు నడిచి, దారిలో పుణుకులు తినొచ్చేవాళ్ళకి పొట్ట ఎందుకు తగ్గట్లేదో ఇక్కడ తెలిసిపోతుంది. మరి నడవడం దండగా? తగ్గిన బరువు తిరిగి రాకుండా ఆపడంలో నడక చాలా పనిచేస్తుంది. షుగరు, బీపీ అదుపులో ఉంటాయి. వారానికి 150 నిమిషాలు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది. దీంతోపాటు వారంలో రెండు రోజులు కండకి పని పెట్టాలి: కుర్చీలోంచి చేతులు ఆనకుండా లేచి కూర్చోవడం, గోడకి చేతులు ఆనించి తోయడం, నీళ్ళ సీసాలు ఎత్తడం. నలభై దాటిన ఆడవాళ్ళకి ఇది నడక కన్నా అవసరం. ఊళ్ళో గట్టు మీద నడిస్తే పదిమంది చూస్తారని మొహమాటమైతే డాబా ఉంది, చల్లపొద్దు ఉంది. మన ఉక్కలో తొమ్మిది దాటాక ఎవరూ నడవలేరు. నిద్ర తగ్గితే మర్నాడు ఆకలి పెరుగుతుంది, తీపి మీదకి మనసు పోతుంది. రాత్రి పన్నెండు దాకా ఫోను చూసేవాళ్ళు డైట్ పుస్తకాలు కొనడం దండగ.

ఎంత తగ్గాలి? దక్షిణాసియా వాళ్ళకి తక్కువ బరువులోనే పొట్ట లోపల కొవ్వు చేరుతుంది. అందుకే మనకి బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువు ఉందో లేదో చూపే అంకె) 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం అంటారు. ఐదడుగుల ఐదంగుళాల మనిషికి అవి సుమారు 63, 68 కిలోలు. అంతకన్నా తేలిక కొలత దర్జీ టేపు. నడుం చుట్టూ మగవాళ్ళకి 90, ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు దాటకూడదు. అంకె చూసి బెంగపడక్కర్లేదు. అమెరికాలో షుగరు రాబోయే దశలో ఉన్నవాళ్ళ మీద చేసిన పెద్ద అధ్యయనం ఫలితం 2002లో వచ్చింది. ఒంటి బరువులో ఏడు శాతం తగ్గించి, వారానికి 150 నిమిషాలు కదలాలన్నది వాళ్ళకి పెట్టిన గురి. అలా జీవనశైలి మార్చుకున్న గుంపులో షుగరు వచ్చే ముప్పు 58 శాతం తగ్గింది. 75 కిలోల మనిషికి ఏడు శాతమంటే ఐదు కిలోల పైచిలుకు. పెళ్ళినాటి బరువుకి వెళ్ళక్కర్లేదు.

వారానికి అరకిలో చొప్పున తగ్గడం క్షేమం. మొదట్లో అలాగే తగ్గుతుంది కూడా. మూడు నాలుగు నెలలకి ఆగిపోతుంది, అప్పుడే చాలామంది చేతులెత్తేస్తారు. ఒంటి తత్వం అన్నమాట ఇక్కడికి వస్తుంది. బరువు తగ్గిన ఒంటికి నడవడానికి, నిలబడడానికి, ఊపిరి తీయడానికి కూడా ముందంత శక్తి అక్కర్లేదు. పైగా కొవ్వు తగ్గితే లెప్టిన్ అనే హార్మోను తగ్గుతుంది, ఆకలి పుట్టించే గ్రెలిన్ పెరుగుతుంది. 2011లో వచ్చిన ఓ పరిశోధనలో బరువు తగ్గిన ఏడాదికి కూడా ఈ ఆకలి హార్మోన్లు పాత స్థితికి రాలేదని తేలింది. ఒళ్ళు కరువు వచ్చిందనుకుంటుంది, దాచుకోవడం మొదలుపెడుతుంది. అందుకే తగ్గడం ఒక పని, నిలబెట్టుకోవడం దానికన్నా పెద్ద పని. ఆగిపోయినప్పుడు ఇంకా కోత పెట్టకుండా, ఆ బరువు దగ్గరే రెండు మూడు నెలలు స్థిరంగా ఉండగలిగితే అది ఓటమి కాదు.

కాటా వారానికి ఒక్కసారి, ఒకే వేళకి. రోజూ ఎక్కితే పిచ్చెక్కుతుంది. ముందురోజు ఉప్పుచేప, ఆవకాయ దట్టంగా తగిలితే ఆ ఉప్పు నీళ్ళని పట్టుకుని మర్నాటికి కిలో ఎక్కువ చూపిస్తుంది. అది కొవ్వు కాదు.

కొందరు డాక్టరు దగ్గరికి వెళ్ళకుండా ఇదేదీ మొదలుపెట్టకూడదు. షుగరుకి ఇన్సులిన్ గానీ కొన్ని రకాల మాత్రలు గానీ వాడుతూ ఒక్కసారిగా అన్నం సగం చేస్తే చక్కెర పడిపోయి కళ్ళు తిరిగే ప్రమాదం ఉంది, మోతాదు మార్చాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు మాంసకృత్తులు సొంతంగా పెంచుకోకూడదు. గర్భిణులకి, బాలింతలకి ఇది వేళ కాదు. తిండి మారినా బరువు కదలకపోతే థైరాయిడ్, పీసీఓడీ, వాడుతున్న స్టెరాయిడ్లు చూపించుకోవాలి. 2025లో మన దేశంలోకి బరువు తగ్గించే ఇంజెక్షన్లు, టిర్జెపటైడ్, సెమాగ్లుటైడ్ వచ్చాయి. బాగా పనిచేస్తాయి, కొందరికి నిజంగా అవసరం. సెమాగ్లుటైడ్ ఆపేసినవాళ్ళని ఏడాదిపాటు గమనిస్తే తగ్గినదాంట్లో మూడింట రెండొంతులు తిరిగొచ్చింది. సూది వేసుకున్నా వడ్డన మార్చుకోవాల్సిందే.

ఇక మిగిలింది సంక్రాంతి. భోగి నుంచి ముక్కనుమ దాకా అరిసెలు, బూరెలు, గారెలు, కోడికూర, మధ్యలో ఎవరో తెచ్చిన ఆత్రేయపురం పూతరేకులు, తాపేశ్వరం మడతకాజా. ఆ నాలుగు రోజులూ లెక్కలు కట్టి మీరు పండగ పాడుచేసుకోకండి, ఇంట్లోవాళ్ళకి పాడుచేయకండి. తిన్నాక బరువు చూసుకోవడం వారం ఆగి చూసుకోండి, సగం నీళ్ళే అయి ఉంటుంది. జాగ్రత్త పడాల్సింది పండగ తర్వాత మిగిలే డబ్బాల దగ్గర. నెలాఖరు దాకా టీతోపాటు రోజుకో అరిసె చొప్పున కరిగేది ఆ డబ్బానే. సగం పనమ్మాయికీ, ఊరెళ్ళే చుట్టాలకీ సర్దేయండి. కొత్త అల్లుళ్ళకి మాత్రం ఇందులో ఏదీ వర్తించదు, అత్తగారి చేతిలో హస్తం ఉన్నంతసేపు వాళ్ళకి విముక్తి లేదు. వెళ్ళేటప్పుడు చేతిలో పెట్టే సున్నుండల డబ్బా మాత్రం ఆఫీసులో పంచేయొచ్చు, ఆ సంగతి అత్తవారికి తెలియక్కర్లేదు.